సన్‌షేడ్ పెచ్చు ఊడి స్కూటీ మీద పడింది. నాలుగు కొటేషన్లు వచ్చాయి, ఎవరికివ్వాలి?

విశాఖ_లెక్కల_టీచర్:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ వైపు. సముద్రం నడిచి వెళ్తే ఏడెనిమిది నిమిషాలు. నాన్న 1994లో కట్టించిన ఇల్లు. కింద ఒక పోర్షను, పైన ఒకటి. నాన్న పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు అమ్మ, నేను, మా అబ్బాయి ఉంటున్నాం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంటి పనులన్నీ నాన్నే చూసుకునేవారు కాబట్టి మేస్త్రీలతో మాట్లాడటం నాకు ఇదే మొదటిసారి.

పోయిన నెల ఒక రాత్రి రెండింటికి ధబ్‌మని చప్పుడైంది. పిల్లేమో అనుకుని మళ్ళీ పడుకున్నాం. తెల్లారి చూస్తే తూర్పు కిటికీ సన్‌షేడ్ అడుగున పెచ్చు ఊడి, పళ్ళెమంత ముక్క నా స్కూటీ సీటు మీద పడి ఉంది. సీటు చిరిగింది, అద్దం పగిలింది. పైకి చూస్తే తుప్పుపట్టిన రాడ్లు పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి. పగటిపూట అమ్మ సరిగ్గా అక్కడే కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తుంది. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

ఇదొక్కటే కాదు. పడమటి పడగ్గది గోడ వానాకాలం మొత్తం చెమ్మగా ఉంటుంది, లోపల రంగు బొబ్బలెక్కి రాలిపోతుంది. మేడ మీద స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా ఒక పగులు ఉంది. పిట్టగోడకి నాచు. బయట రంగు వేసి పదేళ్ళు దాటింది.

నలుగురిని పిలిచాను.

మొదటి ఆయన పది నిమిషాలు ఇంటి చుట్టూ తిరిగి, "మొత్తం గుత్తకి లక్షా ముప్పై ఐదు, మీరేం చూసుకోనక్కర్లేదు మేడమ్" అన్నాడు. రేపే మొదలుపెడతాడట. 70 వేలు అడ్వాన్స్ కావాలి. కాగితం అడిగితే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

రెండో ఆయన్ని పెయింట్ షాపువాళ్ళు పంపారు. లేజర్ మీటరుతో కొలిచి నాలుగు పేజీల ప్రింటు ఇచ్చాడు. 5,100 చదరపు అడుగులు, అడుగుకి 31 రూపాయలు, మొత్తం 1,58,100. సన్‌షేడ్ల రిపేరు మాత్రం "పని చూసి ఎక్స్‌ట్రా" అని కింద చిన్నక్షరాల్లో ఉంది.

మూడోది వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్ళు. పడమటి గోడకి కెమికల్ ఇంజెక్షన్లు, మేడకి రెండు పొరల కోటింగ్, పదేళ్ళ వారంటీ. 3,85,000.

నాలుగోది అమ్మ పట్టు. ఈ ఇల్లు కట్టిన మేస్త్రినే పిలవాలంటుంది. ఆయనకి ఇప్పుడు డెబ్బై దాటాయి. వచ్చి, టీ తాగి, నాన్న గురించి మాట్లాడి కళ్ళు తుడుచుకున్నాడు. ఎంతవుతుందంటే "రోజు కూలికి చేసుకుందాం తల్లీ, మన ఇల్లేగా" అన్నాడు. రోజు కూలి అంటే తడిసి మోపెడవుతుందని నా భయం. ఆయన్ని కాదంటే అమ్మకి కోపం.

వైశాఖంలో మా చెల్లి కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకువాళ్ళు ఇంటికి వస్తారు. ఆలోపు పని అవ్వాలి. ఎవరికిమ్మంటారు?


హుద్‌హుద్_చూసినోడు:

మొదటివాడికి మాత్రం ఇవ్వకండి మేడమ్. నాది అనుభవం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మా ఎంవీపీ కాలనీ ఇంటికి పడమటి పిట్టగోడ సగం పోయింది. ఆ టైంలో ఊళ్ళో పనివాళ్ళు దొరికితే దేవుడు దొరికినట్టే. ఒకతను ఇలాగే "అంతా నేను చూసుకుంటా" అన్నాడు, సగం డబ్బు ముందే ఇచ్చాను. నాచు కడగలేదు, చెమ్మ ఆరనివ్వలేదు, మీద పుట్టీ పూసి రంగేశాడు. సంక్రాంతికి పెళ్ళికూతురిలా ఉంది ఇల్లు. తర్వాతి వానాకాలానికి రంగు పొరలు పొరలుగా, పాము కుబుసం విడిచినట్టు ఊడి వచ్చింది. పైన పటారం, లోన లొటారం.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. వినియోగదారుల ఫోరానికి (ఇప్పుడు కమిషన్ అంటున్నారు) వెళ్దామంటే నా చేతిలో ఒక్క కాగితం లేదు, డబ్బంతా నోట్లలోనే ఇచ్చాను. మీకు పనికొస్తుందని చెబుతున్నా: 2019 చట్టం ప్రకారం ఇలాంటి పనులకి డబ్బిచ్చినవాళ్ళు కూడా వినియోగదారులే. ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. హెల్ప్‌లైన్ 1915. కానీ కాగితం లేనిదే అక్కడ మనం చెప్పేదొకటి, వాడు చెప్పేదొకటి. రూపాయి ఇచ్చినా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో ఇవ్వండి.


రిటైర్డ్_ఏఈ:

అమ్మా, నేను ప్రభుత్వంలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, 31 ఏళ్ళు ఇవే పనులు చూసి దిగినవాణ్ణి. ముందు ఆ కుర్చీ, స్కూటీ అక్కడి నుంచి తీసేయండి. మిగిలిన సన్‌షేడ్ల కింద కూడా ఎవరూ నిలబడకుండా చూడండి. ఇది ఈ రోజే చేయాల్సిన పని. మిగతావి నెల ఆగినా ఫర్వాలేదు.

రెండో సంగతి. ఎవరికివ్వాలి అని అడిగారు. ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి. మీ దగ్గరున్నవి ఒకే పనికి నాలుగు రేట్లు కావు. నాలుగు వేర్వేరు పనులకి నాలుగు రేట్లు. మొదటాయన రంగు వేస్తానంటున్నాడు, రెండో ఆయనా రంగే, కాకపోతే కొలిచి. మూడోవాళ్ళు తమ దగ్గరున్న మందు అమ్ముతున్నారు. మీ మేస్త్రి పాత స్నేహం కొద్దీ వచ్చాడు. మీ ఇంటికి జబ్బేమిటో నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు. చికిత్స చేసేవాడినే జబ్బు చెప్పమంటే, వాడి సంచిలో ఏ మందుంటే ఆ జబ్బే చెబుతాడు. మీ ఊళ్ళో ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకి రెండు మూడు వేలు ఫీజిచ్చి ఒక పూట చూపించండి. ఆయన కాంట్రాక్టు చేయకూడదు, చూసి రాసివ్వాలి, అంతే.

ఈలోపు మీరు చేయగలిగింది చెబుతాను. చిన్న సుత్తి తీసుకుని, అందినంత మేర సన్‌షేడ్లు, పిట్టగోడ మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది, లోపల వదిలేసినచోట గుల్ల శబ్దం వస్తుంది. గుల్లగా ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీసి ఫోటో తీయండి. టీచరుగారు కాబట్టి సుద్దముక్కకి కొరత ఉండదు. అందనివాటికి నిచ్చెన ఎక్కకండి.

సన్‌షేడ్ ఎందుకు ఊడిందంటే, సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి ఇంకి రాడ్డుని అందుకుంటుంది. ఇనుము తుప్పయితే కొన్ని రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు లోపలి నుంచి తోసి పెచ్చుని ఊడగొడుతుంది. కాంక్రీటు పనులకి దేశమంతా పాటించే ఐఎస్ 456 అనే కోడ్ 2000లో మారాక తీరప్రాంతంలో గాలికి తెరిచి ఉన్న కాంక్రీటుకి రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే రాడ్డుని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని చెబుతోంది. మీ ఇల్లు కట్టిన రోజుల్లో సన్‌షేడ్‌కి అరంగుళం ఉంటే గొప్ప. దానికి తోడు అప్పట్లో కాంక్రీటు ఏ నీళ్ళతో కలిపారో కనుక్కోండి. బోరు ఉప్పుదైతే జబ్బు బయటి నుంచే కాదు, పుట్టుకతోనే ఉంది.

ఇంకో మాట జాగ్రత్తగా వినండి. సన్‌షేడ్ గోడలోంచి బయటికి చాచిన చెయ్యి లాంటిది. దాని బరువు మోసే రాడ్లు పైభాగంలో ఉండాలి. పోత పోసేటప్పుడు కూలీలు తొక్కి అవి కిందికి దిగిపోవడం మామూలే. మీకు కింద కనిపిస్తున్నవి అడ్డ రాడ్లా, అసలు రాడ్లా అన్నది ఇంజినీరు చూడాలి. అసలువే కిందికి దిగి ఉంటే అది పూత పనితో పోయేది కాదు. ఆ సన్‌షేడ్ కొట్టేసి కొత్తది పోయాల్సి రావచ్చు.

పూత పనే అయితే ఎలా చేయాలో రాసుకోండి. కింద సరుగుడు కర్రల ఆసరా పెట్టి, వదులైనదంతా కొట్టేసి, రాడ్డు వెనక వేలు దూరేంత ఖాళీ వచ్చేదాకా చెక్కాలి. తుప్పు తీగ బ్రష్షుతో మెరిసేదాకా గీకాలి. రాడ్డు నాలుగో వంతు తినేసి ఉంటే పక్కన కొత్త రాడ్డు కట్టాలి. తుప్పు పట్టనివ్వని పూత, తర్వాత పాతకీ కొత్తకీ అతుకు కుదిర్చే మందు, దాని మీద పాలిమర్ కలిపిన మోర్టార్. వట్టి సిమెంటు, ఇసుక కాదు. వారం రోజులు గోనెపట్టా కట్టి తడపాలి. చివరిగా అడుగున, బయటి అంచుకి దగ్గరగా వేలెడు గాడి తీయించండి. వాన నీరు అంచు దాటి అడుగుకి పాకకుండా ఆ గాడి దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది. పది మంది మేస్త్రీల్లో తొమ్మిది మంది దీన్ని వదిలేస్తారు.

మేడ స్లాబు కింద అడ్డ పగులు చూసి టెన్షన్ పడకండి. స్లాబు ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, కింది ఇటుక గోడ దాంతో పాటు కదలలేదు. ఆ కీలు దగ్గర చీలుతుంది. పగులుని కాస్త వెడల్పు చేసి సాగే గుణమున్న ఫిల్లరు పెట్టి జాలీ పట్టీ వేస్తే చాలు. స్తంభాల మీద నిలువుగా, రాడ్డు దారి వెంబడే పగుళ్ళుంటే మాత్రం ఇంజినీరుకి చూపించండి.

పడమటి గది చెమ్మకి ఇంజెక్షన్ అన్నవాణ్ణి, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూపించమని అడిగారా? తూముకి గుడ్డ కుక్కి మేడ మీద రెండంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టండి. చెమ్మ పెరిగితే దోషం మేడది. పెరగకపోతే ట్యూబు పెట్టి గోడని కింద నుంచి పైకి తడుపుతూ రండి. ఆ గోడ దగ్గర వాన నీటి పైపు ఎక్కడుందో చూడండి.


విశాఖ_లెక్కల_టీచర్:

ఏఈ గారూ, మీ మాట చదివి నిన్న ఆదివారం సుద్దముక్కతో తిరిగాను. పదకొండు సన్‌షేడ్లలో నాలుగు గుల్ల. నాలుగూ తూర్పు వైపువే.

నీళ్ళ సంగతి అడిగారు కదా. నాన్న ఇల్లు కట్టినప్పటి ఖర్చుల నోటుపుస్తకం బీరువాలో ఉంది. తీసి చూశాను. సిమెంటు బస్తాలు, ఇసుక లారీలు, మేకుల పొట్లం దాకా రాశారు. ఒక పేజీ అంచున, నాన్న వంకర చేతిరాతలో: "బోరు నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయి. మేస్త్రి ఫర్వాలేదన్నాడు."

ఆ మేస్త్రి ఎవరో మీకు చెప్పక్కర్లేదు. అమ్మకి చూపించాను. కళ్ళజోడు తీసి, "ఆ రోజుల్లో అందరూ అంతే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొలతలు కూడా తీశాను. రోజూ పిల్లలకి చుట్టుకొలత చెప్పే నేను మా ఇంటి చుట్టుకొలత ఎప్పుడూ చూడలేదు. 30 అడుగులు, 42 అడుగులు, చుట్టూ 144. పిట్టగోడతో కలిపి ఎత్తు 24. అంటే 3,456. పిట్టగోడ లోపలి ముఖం 432, సన్‌షేడ్లు పైనా కిందా 352. పదకొండు కిటికీలు, మూడు తలుపులు తీసేస్తే మిగిలేది 3,968. ఆయన రాసింది 5,100! తేడా 35 వేలు. ఒళ్ళు మండి ఫోన్ చేశాను. ప్రహరీ గోడ కూడా కలిపానన్నాడు. కిటికీలు తీయడం మా లెక్కలో ఉండదన్నాడు. ప్రహరీకి రంగు నేను అడగనే లేదు. మోసమని అరిచాను కానీ ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, వద్దని కూడా నేను చెప్పలేదు.


రిటైర్డ్_ఏఈ:

చూశారా, పని ఏమిటో రాయకపోతే ఎవరి ఇల్లు వాళ్ళు కొలుస్తారు. కట్టడం పనులు కొలవడానికి ఉన్న ఐఎస్ 1200 పద్ధతిలో అర చదరపు మీటరు లోపు కన్నాలకి తీసివేత ఉండదు. అంతకంటే పెద్ద కిటికీలు, తలుపులకి ఎలా లెక్క కడతారో ముందే రాయించుకోవాలి. ఇంజినీరు రాసిచ్చిన పనుల కాగితాన్ని నలుగురికీ ఒకేలా పంపి రేట్లు వేయమనండి. అప్పుడు పోల్చండి.


ఖర్చుకి_భయపడను:

ఇంత తలనొప్పి ఎందుకండీ. 3,85,000 పెడితే పదేళ్ళు వారంటీ ఇస్తున్నారు. పదేళ్ళు నిద్రపోవచ్చు. నేనైతే అదే చేస్తా.


హుద్‌హుద్_చూసినోడు:

వారంటీ కాగితం వెనకవైపు చదివారా సార్? మా బావగారిది ఉంది నా దగ్గర. వారంటీ కోటింగ్ డబ్బాకే, కూలికి లేదు. గోడ కదిలితే లేదు, పైపు కారితే లేదు, మేడ మీద ఇంకెవరైనా మేకు కొడితే లేదు. డిష్ యాంటెన్నా బిగించారని కొట్టేశారు.


రంగులోడు_రాజమండ్రి:

నేను పెయింటర్‌ని, పద్దెనిమిదేళ్ళ నుంచి. మా వైపు మాట కూడా ఒకటి వినండి మేడమ్.

మీ 3,968 అడుగులకి బయట ఎమల్షన్ రెండు కోట్లు, అంటే రెండు పొరలు, వేస్తే లీటరుకి 50, 60 అడుగులు వస్తుంది. గోడ గరుకుని బట్టి. అంటే ఇరవై లీటర్ల బకెట్లు నాలుగు. ఎవరైనా రెండున్నర బకెట్లతో అయిపోయింది అంటే నీళ్ళు కలిపాడని. ఎంత నీరు కలపాలో బకెట్టు మీదే రాసి ఉంటుంది. ఖాళీ బకెట్లు పని అయ్యేదాకా ఇంట్లోనే పెట్టించండి. రంగు మీరే కొంటే ఇంకా మంచిది. నాలుగు బకెట్లూ ఒకేసారి, ఒకే బ్యాచ్ తీసుకోండి, లేకపోతే ఎండలో తేడా తెలుస్తుంది. బకెట్టులో కంపెనీ పెట్టిన టోకెన్ ఉంటుంది, దానికి డబ్బులొస్తాయి, అది పెయింటర్‌కి. దాని కోసం మాత్రం గొడవ పడకండి, మా పిల్లల ఫీజులు దాంట్లోంచే వెళ్తాయి.

బయట గోడకి నున్నగా రావాలని మందంగా పుట్టీ పెట్టించుకోవద్దు. సముద్రం పక్కన అది నిలబడదు. ప్రెజర్ వాష్, నాచు మందు, ఆరనివ్వడం, ప్రైమరు, రెండు కోట్లు. ఆరనివ్వడం అన్నదాన్ని ఎవరూ రోజుల్లో లెక్కపెట్టరు, అదే అసలు పని. కొత్త ప్లాస్టరింగ్ ఉన్నచోట నాలుగు వారాలైనా ఆగాలి. పెళ్ళి ఉంది త్వరగా చేయమంటే మేం చేసేస్తాం. తర్వాత తిట్టేదీ మమ్మల్నే.

ఇంకోటి. పరంజా కట్టేటప్పుడు కరెంటు తీగలు గోడకి దగ్గరుంటే కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ లైన్‌మన్‌ని పిలిచి చూపించండి. పక్కింటివాళ్ళ స్థలంలో కర్ర పాతాలంటే ముందే మీరు అడగండి, మేం అడిగితే కసురుతారు. బెల్టు లేకుండా ఎక్కేవాణ్ణి ఎక్కనివ్వకండి. బెల్టు ఇచ్చినా పెట్టుకోరు, అది నేనూ ఒప్పుకుంటా. కాస్త అరవాలి.

అడ్వాన్స్ సంగతి: సగం ఇవ్వకండి, కానీ సున్నా కూడా వద్దు. పరంజా కర్రలకి, కూలీల మొదటి వారానికి మా చేతిలో డబ్బు ఉండదు. పదో వంతు ఇచ్చి, తర్వాత పని అయినంత మేర వారం వారం ఇస్తే పరిగెత్తి చేస్తాం. శనివారం సాయంత్రం కూలీలకి డబ్బులిచ్చే ఓనరు పని ముందు చేస్తాం, ఇది ఎవరూ చెప్పని రహస్యం.


కువైట్_రాజంపేట:

నాకు మీలాగా దగ్గరుండి చూసే అదృష్టం లేదు. రాజంపేటలో ఇంటికి బయట పూతపని, రంగు అన్నీ ఫోన్ మీదే చేయించినా. కాంట్రాక్టరు రోజూ సాయంత్రం ఫోటోలు పెట్టేవాడు. నేను చూసి డబ్బులు వేసేవాణ్ణి. ఒక మంగళవారం "వెనక గోడ రెండో కోటు అయిపోయింది సార్" అని ఫోటో పెట్టినాడు. ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. వెతికితే ముందు శుక్రవారం మొదటి కోటని పంపిన ఫోటో అదే. దండెం మీద మా అమ్మ ఆకుపచ్చ చీర, పక్కన తమ్ముడి లుంగీ, రెండూ రెండు ఫోటోల్లోనూ అదే మడతలో ఉన్నాయి.

అప్పటి నుంచి ఫోటోలో ఆ రోజు పేపరు పెట్టి తీయమన్నా. నవ్వుకున్నారు గాని పని సక్కగా అయింది. మీరు ఇంట్లోనే ఉన్నా బడికి పోతారు కదా అక్కా, పగలంతా చూసే మనిషి ఒకరుండాల.


విశాఖ_లెక్కల_టీచర్:

అందరికీ థాంక్స్ చెప్పాలి, ఆలస్యమైంది. పని, పెళ్ళి రెండూ అయ్యాయి. ఏం జరిగిందో రాస్తాను.

ఇంజినీరు గారు మూడు వేలు తీసుకుని రెండు గంటలు చూశారు. అసలు రాడ్లు నాలుగు సన్‌షేడ్లలోనూ పైనే ఉన్నాయి, కిందివి అడ్డ రాడ్లే. కొట్టేయక్కర్లేదన్నారు. ఆయన ఒకటిన్నర పేజీ రాసిచ్చారు. ప్రహరీ వద్దు, కిటికీలు తీసివేత, సన్‌షేడ్‌కి ఏఈ గారు చెప్పినట్టే గాడి, అన్నీ. దాన్ని అందరికీ పంపాను. మొదటాయన "ఇన్ని రాతకోతలా మేడమ్, మేం నమ్మకం మీద చేసేవాళ్ళం" అని మళ్ళీ కనిపించలేదు. వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళు ఇంజెక్షన్ లేకుండా అయితే రేటే ఇవ్వలేం అన్నారు. నేను ఫోన్‌లో అరిచిన రెండో ఆయనే ఒక్కో పనికి విడివిడిగా రాసి పంపాడు. ఆయనకే ఇచ్చాను. అరిచినందుకు సారీ కూడా చెప్పాను.

మరి పాత మేస్త్రి? రాజంపేట తమ్ముడి మాట పట్టుకుని, పగలు కూర్చుని చూసే పని ఆయనకి ఇచ్చాను, రోజుకి 500. అమ్మ ముఖం వెలిగింది. కాంట్రాక్టరు ముఖం మాడింది. ఉప్పునీళ్ళ మాట నేను ఎత్తలేదు. మూడో రోజు ఆయనే ఎత్తాడు. తూర్పు సన్‌షేడ్ చెక్కుతుంటే లోపలి రాడ్డు చూసి, "మీ నాన్న అడిగాడు తల్లీ ఆ రోజు. నేనే ఫర్వాలేదన్నా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

అసలు సంగతి పడమటి గదిది. మేడ మీద నీళ్ళు నిలబెట్టాం, చెమ్మ పెరగలేదు. గోడ తడిపాం, పెరగలేదు. ఇంజినీరు గారు కూడా తల గోక్కున్నారు. అప్పుడు మేస్త్రి కుర్చీలోంచి లేచి వచ్చి గోడ మీద ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ కొట్టండి" అన్నాడు. వాన నీటి పైపు బయటికి కనిపించకూడదని నాన్న పట్టుబడితే గోడలో దాచి పెట్టారట. కిటికీ అడ్డం వచ్చి మధ్యలో ఒక వంపు తిప్పారట. తూముకి గుడ్డ కుక్కినప్పుడు ఆ పైపులోకి నీళ్ళే వెళ్ళలేదు, ఇంక చెమ్మ ఎలా పెరుగుతుంది? కొడితే ఆ వంపు దగ్గర పాత సిమెంటు పైపు చీలి ఉంది. పాత పైపు మూసేసి, బయటి నుంచి కొత్త పీవీసీ పైపు దించాం. 3,85,000 పెట్టి ఇంజెక్షన్లు పొడిపించుకున్నా ఆ నీళ్ళు ఆగేవి కావు. ఆ వంపు సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.

ఖర్చు మేడ, పైపులకి 38,000, సన్‌షేడ్లు నాలుగింటికి 52,000, పగుళ్ళు, ప్లాస్టరింగ్ 24,000, రంగు సరుకుతో కలిపి 98,000. మొత్తం 2,12,000. ఇంజినీరు ఫీజు, మేస్త్రి రోజులు వేరే. నాలుగు బకెట్ల టోకెన్లూ పెయింటర్లకే వెళ్ళాయి, రాజమండ్రి అన్నయ్యా, నేను చూశాను. కొత్త ప్లాస్టరింగ్ ఉన్న పడమటి గోడకి నాలుగు వారాలు ఆగాలి కదా, పెళ్ళికి అది ప్రైమరుతోనే ఉంది. వియ్యపురాలు "ఆ రంగు బాగుందే, ఏం షేడ్?" అని అడిగింది.

20,000 పట్టి ఉంచాను, మొదటి పెద్ద వాన తర్వాత ఇస్తానని కాగితంలోనే రాసుకున్నాం. మే నెలంతా కాంట్రాక్టరు రోజూ ఆకాశం చూసి నాకు ఫోన్ చేశాడు. మొన్న జూన్ రెండో వారంలో కుండపోత. టార్చి పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పడగ్గది గోడ పొడిగా ఉంది, చెయ్యి ఆనించి చూశాను. సన్‌షేడ్ అంచున గాడి దగ్గర నీళ్ళు చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

కానీ కొత్త పైపు చివర నుంచి వచ్చే నీళ్ళు సూటిగా పక్కింటివాళ్ళ ప్రహరీ మీద పడుతున్నాయి. రాత్రి పదింటికి ఆవిడ గొడుగేసుకుని వచ్చి చూపించింది. కాంట్రాక్టరుకి చెబితే "అరవై రూపాయల ఎల్బో మేడమ్, రేపు పెట్టిస్తా, డబ్బులు ఇచ్చేయండి" అన్నాడు. పైపుని పక్కకి తిప్పే ఆ వంపు ముక్క పెట్టాక ఇస్తానన్నాను. ఇది రాస్తుంటే మనిషి గేటు దగ్గరికి వచ్చాడు, చేతిలో పైపు ముక్క ఉంది.